గుడ్డి చిలక

పంతొమ్మిదో చిలకకి కన్ను ఉంది.

మా ఆయన మూడోసారి లెక్కపెట్టారు. భూతద్దం దగ్గరగా వంచి, వేలు గుడ్డకి తగలకుండా గాల్లోనే కదుపుతూ, కొంగు చివర నుంచి ఒక్కో చిలకనీ దాటుకుంటూ వచ్చారు. పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది. అక్కడ ఆగారు. ఎర్రగా, ఆవగింజంత కన్ను. మిగతా చిలకలన్నిటికీ ఎలా ఉందో దీనికీ అలాగే ఉంది.

"ఉందమ్మా," అన్నారు.

నేను బల్ల దగ్గర నుంచి ఒకడుగు వెనక్కి వేశాను.

అత్తయ్య కిటికీ పక్క కుర్చీలో కూచుని ఉంది. ఆమె కళ్లలో పొర కమ్మి రెండేళ్లయింది. మనుషులు నీడల్లా కనిపిస్తారు, చిలకలు అసలే కనిపించవు. అయినా చీర పరిచిన బల్ల వైపే మొహం పెట్టింది.

"సరిగ్గా చూడు నాన్నా. కింది అంచు కాదు, పై అంచు. కొంగు వైపు నుంచి."

"పై అంచే. కొంగు వైపు నుంచే. నా మీద నమ్మకం లేకపోతే అక్కని లెక్కపెట్టమను."

"నేనూ లెక్కపెట్టానమ్మా," అంది వదిన. మా ఆడపడుచు బడిలో లెక్కలు చెబుతుంది. ఇవాళ సెలవు పెట్టి మరీ వచ్చింది. "పంతొమ్మిది దాకా లెక్కపెట్టడం నాకు రాదంటే రేపు బళ్లో పిల్లలు నవ్వుతారు."

ఎవరూ నవ్వలేదు. అత్తయ్య చీర కుచ్చిళ్లు మోకాళ్ల మీద సర్దుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"మరి దాని కన్ను నేను పెట్టలేదే," అంది మెల్లగా.

ఈ చిలకల చీర మా ఇంట్లో యాభై అయిదేళ్లుగా మామయ్య నేసిన చీరగానే పేరుపడింది. గోడ మీద ఆయన ఫొటో, ఫొటో కింద ఈ చీరకి వచ్చిన పతకం. మ్యూజియం వాళ్లు తమ దగ్గర అద్దాల పెట్టెలో ఎప్పటికీ ఉంచుకుంటామని అడిగింది కూడా ఆయన పేరు చూసే. అలాంటిది పోయిన శుక్రవారం మ్యూజియం ఆవిడ వచ్చి కార్డు మీద రాయడానికి వివరాలు అడుగుతుంటే, మా అత్తయ్య తీరిగ్గా మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, "అది నేసింది నేనండీ," అంది.

ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలిగించడం కూడా మరిచిపోయాం.

ఆ ఏడు మామయ్య అటక మీద నుంచి పడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నారట. మగ్గం మీద చీర మొదలుపెట్టి జానెడైనా కాలేదు. పోటీకి పంపాల్సిన చీర. మా ఇంట్లో ఆడవాళ్లది రాట్నం, మగవాళ్లది మగ్గం. అందుకని తలుపులు వేసుకుని, ఏడు నెలలు, పంతొమ్మిదేళ్ల అత్తయ్య నేసిందట. నేసినట్టు గుర్తుగా తన వయసెంతో అన్నో చిలకకి కన్ను పెట్టకుండా వదిలేసిందట.

"ఆ గుర్తు చూపించండి, మీ పేరే రాస్తాం," అంది మ్యూజియం ఆవిడ. "లేకపోతే పాత కాగితాల్లో ఉన్న పేరే ఉంటుంది. కార్డు ఒకసారి అచ్చయితే ఇంక మార్చరమ్మా."

ఆవిడ ఇవాళ నాలుగింటికి వస్తుంది. ఇప్పుడు రెండున్నర.

"అమ్మా," అన్నారు మా ఆయన భూతద్దం పక్కన పెట్టి. ఆయన గొంతు పెద్దది చెయ్యలేదు. చేసి ఉంటే బాగుండేది. "నాన్న పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు ఆయనొచ్చి కాదని చెప్పుకోలేరు. ఈ కన్ను రంగు చూస్తే మిగతా కళ్లతో పాటే వెలిసింది. నిన్నో మొన్నో పెట్టింది కాదు. నీకు వయసు మీద పడింది, ఏదో అనుకున్నావు. ఆవిడ వస్తే పొరపాటైందని చెప్పేద్దాం. అంతే."

"నేను అబద్ధమాడానంటావు."

"నేనలా అన్లేదు."

"అన్నట్టే ఉందిరా."

నేను టీ పెడతానని వంటింట్లోకి వచ్చేశాను.

వదిన వెనకే వచ్చింది. "ఏం మరదలా, మొహంలో నెత్తురు చుక్క లేదేం?"

"వదినా, కొంప ముంచాను."

"ఎవరి కొంప?"

"మనదే."

నా పని రఫూ. చిరిగిన గుడ్డలో పోగులు కలిపి, చిరుగు లేనట్టు చెయ్యడం. ముందుగదిలో నా బల్ల, దీపం, పదిహేను రకాల సూదులు. ఊళ్లో సగం మంది పాత బట్టలు నా చేతుల మీదుగానే వెళ్లాయి. మామయ్య పోయిన నెల రోజులకి నేను ఈ చీర పెట్టెలోంచి తీశాను. ఆయనంటే నాకు ప్రాణం. ఆయనకి ఇంకేం చెయ్యగలను, చీరకైనా చేద్దామనుకున్నాను. పదకొండు చోట్ల పురుగు కొట్టింది, అన్నీ బాగుచేశాను. అంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను. అంచులో రెండు చిలకలకి కళ్లు లేవు. అరిగి ఊడిపోయాయనుకుని రెండిటికీ కళ్లు పెట్టేశాను.

వదిన చేతిలోని గ్లాసు అలాగే ఉండిపోయింది.

"ఏ చిలకలకి?"

"గుర్తులేదు."

"ఎక్కడా రాసుకోలేదా?"

"రాసుకునే అలవాటు నాకేదీ."

"మా పిల్లలు కూడా ఇదే చెబుతారు," అంది వదిన. వెంటనే నాలిక కరుచుకుంది. "సరే, దారం కొత్తది కదా, రంగు తేడా తెలిసిపోతుందిగా?"

తెలియదు. అదే నా గొప్పతనం. కొత్త దారం వాడే రఫూవాళ్లు వేరే. నేను అదే చీర లోపలి కొస నుంచి ఒక పోగు లాగి దానితోనే పని చేస్తాను. చీరతో పాటు వెలిసిన దారం, చీర దారమే. ముడి వెయ్యను. రఫూలో ముడి ఉండకూడదు, కొసని పోగుల్లోకి దూర్చి దాచేస్తాం. నేను చేసిన రఫూ నేనే మళ్లీ కనుక్కోలేనని వచ్చినవాళ్లందరికీ ఒకటే డప్పు కొట్టుకునేదాన్ని. ఇప్పుడు నిజంగానే కనుక్కోలేకపోయాను.

"గుడ్డలో వెలితి కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు వదినా. మొన్న బస్సులో ముందు సీటాయన కాలరు పోగు లాగబోతే నువ్వే కదా నా చెయ్యి పట్టుకున్నావు."

"ఆయన పోలీసు అని పట్టుకున్నాను." వదిన గ్లాసు గట్టు మీద పెట్టింది. "చెప్పేస్తావా?"

"చెప్పకపోతే అత్తయ్య అబద్ధాలకోరు అయిపోతుంది."

"చెబితే వాడు నమ్ముతాడా?"

టీ పొంగిపోయింది. ఇద్దరం దాని వైపు చూస్తూనే నించున్నాం.

మొత్తానికి చెప్పాను. బల్ల పక్కన నించుని, మా ఆయన మొహం చూడకుండా, అత్తయ్య పాదాల వైపు చూస్తూ ఏకబిగిన చెప్పేశాను.

మా ఆయన నవ్వారు. అది మంచి నవ్వు కాదు.

"బాగుంది. అమ్మకి గుర్తు కావాలి. గుర్తు లేకపోయేసరికి చెరిపింది నేనే అంటూ నువ్వు వచ్చావు. ముందే అనుకున్నారా ఇద్దరూ?"

"ఏవండీ, పన్నెండేళ్ల కాపురంలో నా పనిలో తప్పుందని నేనెప్పుడైనా ఒప్పుకున్నానా? ఇదే మొదలు. అందుకోసమైనా నమ్మండి."

"నువ్వెప్పుడూ అమ్మ వైపే మాట్లాడతావు."

"ఆవిడ మాట్లాడదు కాబట్టి."

ఆ మాట ఎలా వచ్చిందో వచ్చేసింది. మా ఆయన ఏదో అనబోయి ఆగిపోయారు. ఎందుకంటే అప్పటికి అత్తయ్య నవ్వుతోంది. ఒళ్లో చేతులు పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వుతోంది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

"నువ్వా," అంది. "అమ్మయ్య. నువ్వటే."

"అత్తయ్యా, క్షమించండి."

"పోనీలే. చూపు పోయింది, బుద్ధి కూడా పోయిందేమోనని నేను లోపల చస్తున్నాను. చెయ్యని పని చేశాననుకున్నానా, కలగన్నానా అని ఇందాకట్నుంచీ ఒకటే భయం. నువ్వు పెట్టావా కన్ను. పోనీలే తల్లీ. చూసి జాలిపడి ఉంటావు."

నేను ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాను. ఆమె నా తల మీద చెయ్యి వేసింది.

"మీ మామయ్యకి తెలుసు ఆ చిలక సంగతి," అంది. ఈ మాట కొడుకు వినాలని చెప్పిందని నాకు అర్థమైంది. "నేత సగమయ్యాక ఒక సాయంత్రం మగ్గం దగ్గరికొచ్చారు. చేతికింకా కట్టుంది. కుడి చేత్తో చిలకల్ని తడుముతూ వచ్చి అక్కడ ఆగారు. ఇదేం, గుడ్డిదా అన్నారు. అది నాది అన్నాను. కాసేపు చూసి నవ్వారు. ఉండనీలే, నీ గుర్తు, అన్నారు. ఆ ఒక్క మాట చాలు నాకు. పతకం ఆయన మెళ్లో వేసినప్పుడు నేను గుంపులో నించున్నాను. నాకేం బాధనిపించలేదు. నా చిలక అక్కడుంది, ఆయనకి తెలుసు, ఇంకేం కావాలి అనుకున్నాను. చీర ఇంటికి తిరిగొచ్చాక మడత విప్పి వెతుక్కోనైనా లేదు."

వదిన ముక్కు ఎగబీల్చింది.

"మరిప్పుడెందుకు చెప్పావమ్మా?" అన్నారు మా ఆయన. ఈసారి గొంతులో పదును తగ్గింది.

"ఇన్నాళ్లూ ఇంట్లో మాట. ఇప్పుడు అద్దాల పెట్టెలో పెట్టి పేరు రాస్తారుట. ముక్కూ మొహం తెలియని వాళ్లు వచ్చి చదువుతారు. రాసింది తప్పు కాకూడదనిపించింది. అంతే నాన్నా, ఆయన మీద కోపంతో కాదు. ఆయన నన్ను ఎంత బాగా చూసుకున్నారో నీకు తెలీదు. చీర పోటీకి పంపే ముందు, ఏడు నెలలు నడుం విరగ్గొట్టుకున్నావు, రెండు రోజులు మీ అమ్మ దగ్గర పడుకుని రా అని ఆయనే బస్సెక్కించారు. తిరిగొచ్చేసరికి అంచు వెనక అస్తరు గుడ్డ వేసి, మడిచి, పెట్టెలో పెట్టి పంపేశారు. అప్పుడే కట్టు విప్పిన చేత్తో ఒక్కరే కూచుని కుట్టుకున్నారు పాపం."

నాకు చెప్పొద్దూ, కొంచెం కుళ్లు పుట్టింది. మా ఆయన నన్ను పుట్టింటి బస్సు ఎక్కించాలంటే ముందు ఆయన చొక్కాలన్నీ ఇస్త్రీ అవ్వాలి.

మా ఆయన కాసేపు గోడ మీద ఫొటో వైపు చూశారు. తర్వాత నా వైపు తిరిగారు.

"సరే. కుట్టింది నువ్వే అయితే నా ఎదురుగా చూపించు."

"పై నుంచి తెలియదండీ. వెనక నుంచి చూడాలి. అస్తరు విప్పాలి."

"అది నాన్న కుట్టిన అస్తరు."

"అవును."

"ఇంతవరకూ ఎవరూ విప్పలేదు. నువ్వు రఫూ చేసినప్పుడు కూడా విప్పలేదన్నావు."

"పై నుంచే చేశాను. విప్పడానికి చేతులు రాలేదు."

"విప్పమ్మా," అంది అత్తయ్య. "దారం తెగకుండా విప్పు. మళ్లీ నువ్వే వేద్దువుగాని."

చేతులు కడుక్కుని, తుడుచుకుని, బల్ల ముందు కూచున్నాను. చీర తిరగేశాం. ముగ్గురం పట్టుకుని, మడత ఎక్కడా విరక్కుండా తిప్పాం. పాత పట్టు మడత మీద విరిగితే నా రఫూ కూడా ఏమీ చెయ్యలేదు. అందుకే మూడు నెలలకోసారి నేను మడతలు మార్చి, మెత్తటి నూలుగుడ్డలో చుట్టి పెడుతుంటాను. ఈ ఇంట్లో చంటిపిల్ల ఎవరంటే ఈ చీరే.

అంచు వెనక నాలుగు వేళ్ల వెడల్పున తెల్లటి అస్తరు. ఇప్పుడు తేనె రంగుకి తిరిగింది. దాని మీద మామయ్య కుట్లు. ఆయనది ఎడమచేతి వాటం. ప్రతి కుట్టూ ఎడమకి ఒరిగి ఉంటుంది. ఆయన పక్కన నించుని, సూదమ్మా ఇంకా ఎంతసేపు అని నన్ను ఆటపట్టిస్తున్నట్టే అనిపించింది. సూది మొనతో ఒక్కో కుట్టూ వదులు చేసి, దారం లాగుతూ, జానెడు మేర విప్పాను. పదహారో చిలక నుంచి ఇరవై రెండో చిలక దాకా.

అస్తరు మడిచాను.

కాసేపు నేనెందుకు విప్పానో కూడా మరిచిపోయాను.

వెలుతురు తగలని చోట చీర ఆ రోజు మగ్గం మీంచి దిగినట్టే ఉంది. మేమెప్పుడూ చూసిన చిలకలు ఎండిన ఆకు రంగులో ఉంటాయి. ఇవి పచ్చగా, కళ్లు చెదిరేటంత పచ్చగా ఉన్నాయి. చిలకల చుట్టూ వంకాయ రంగు. మేమిన్నాళ్లూ దాన్ని బూడిదరంగు అనుకుంటున్నాం.

"ఇంత పచ్చనా," అన్నారు మా ఆయన. ఆయన రంగుల అద్దకం పనిలో ఇరవై ఏళ్లుగా ఉన్న మనిషి.

"పచ్చ కుదరడానికి మూడుసార్లు ముంచాం దారం," అంది అత్తయ్య కుర్చీలోంచి. "మూడోసారి కుదిరింది."

నేను భూతద్దం తీసుకున్నాను. నేతలో చిలక కన్ను వెనక వైపు ఎలా ఉంటుందో అప్పుడే మొదటిసారి చూశాను. ఎర్రదారం పోగుల మధ్య తిరిగి, చివర ఒక చిన్న తోక వదులుగా మిగులుతుంది. పదహారుకి తోక. పదిహేడుకి తోక. పద్దెనిమిదికి తోక.

పంతొమ్మిదికి ముడి.



నేను ముడి వెయ్యను. ఎప్పుడూ వెయ్యను. పోనీ పొరపాటున వేశాననుకుందాం. ఈ ముడి అస్తరు కింద ఉంది. నేను పై నుంచి కుట్టాను, నా సూది అస్తరు కిందికి వచ్చి ముడి వేసుకుని వెళ్లలేదు. దీన్ని వేసిన వాళ్లు అస్తరు కుట్టకముందే వేశారు. అస్తరు కుట్టేనాటికి నేను పుట్టనైనా లేదు.

ఇరవై ఒకటో చిలక దగ్గరికి వెళ్లాను. అక్కడుంది నా పని. ముడి లేదు, కొస పోగుల్లో దాక్కుని వెంట్రుకంత బయటికి చూస్తోంది. నేను కన్ను పెట్టింది దీనికి. దాని పాత కన్ను నిజంగానే అరిగిపోయింది. రెండోది ఈ అంచులో ఇంకెక్కడో ఉంటుంది, అస్తరు విప్పని చోట. ఇక్కడ మాత్రం కాదు.

మళ్లీ పంతొమ్మిదికి వచ్చాను. ముడిని సూది మొనతో కొంచెం పైకి లేపాను. తోక ఎడమకి పడింది.

మా ఇంట్లో ఎడమకి తోక పడే ముడి ఒక్కరే వేసేవారు. మిగతా అందరివీ కుడికి. ఆయన తెగిన పోగులు కలుపుతుంటే చూసి చూసి నాకు కంఠతా వచ్చిన ముడి అది.

అత్తయ్య బస్సులో ఉంది. ఆయన ఇంట్లో ఒక్కరే కూచుని ముందు గుడ్డి చిలకకి కన్ను పెట్టి, తర్వాత దాని మీద అస్తరు కుట్టేశారు.

నా చేతిలోంచి భూతద్దం మా ఆయన తీసుకున్నారు. వంగి చూశారు. ఆయనకి మగ్గం మీద ముడి వెయ్యడం నేర్పింది ఎవరో నాకు తెలుసు. నెమ్మదిగా నిటారుగా లేచారు. ఆయన మొహం చూడలేకపోయాను. వదిన మా మధ్యలోంచి తొంగిచూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, గోడ వారగా కూచుండిపోయింది.

"ఏమైంది?" అంది అత్తయ్య. "ఎవరూ మాట్లాడరేం?"

మా ఆయన భూతద్దం బల్ల మీద పెట్టారు.

"అమ్మాయ్, దొరికిందా నీ కుట్టు?"

అవునంటే ఒక రకం పాపం, కాదంటే ఇంకో రకం. అవునంటే నా మాట తప్ప ఇంకే రుజువూ లేదు, కోడలు అత్త కోసం చెప్పిందని తేలిగ్గా కొట్టిపారేస్తారు. కాదంటే ఇంతకంటే గట్టి రుజువు లేదు. చెరిపేసిన మనిషి ముడే, గుర్తు ఉండేదని చెబుతోంది. కానీ ఆ మాట ఈవిడతో ఎలా చెప్పను. ఉండనీలే, నీ గుర్తు, అన్న ఒక్క మాట పట్టుకుని యాభై అయిదేళ్లు బతికిన మనిషితో.

"దొరికిందమ్మా," అన్నారు మా ఆయన.

నేను ఉలిక్కిపడి చూశాను.

"తనదే. తనే పెట్టింది కన్ను. నేను చూశాను," అన్నారు. "నువ్వు చెప్పింది నిజమే. మ్యూజియం ఆవిడతో అలాగే చెబుదాం. ఇంక అస్తరు వేసెయ్. త్వరగా వేసెయ్."

ఇందాకటిదాకా అమ్మకి మతి తప్పిందన్న మనిషి. నన్ను దొంగసాక్షి అన్న మనిషి. ఆ అబద్ధం అమ్మ మనసు విరక్కుండా ఆడారో, నాన్న ముడి బయటపడకుండా ఆడారో ఆ క్షణాన నాకు తెలియలేదు. ఆయనకైనా తెలుసని నేననుకోను.

సూదిలో దారం ఎక్కించబోయాను. ఎక్కలేదు. దీపం వెలుగులో, పట్టపగలు, పన్నెండేళ్ల రఫూ పనిలో మొదటిసారి సూది బెజ్జం నాకు కనపడలేదు.

"ఆగు," అంది అత్తయ్య.

కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. రెండడుగులు వేసి, బల్ల అంచు చేత్తో వెతుక్కుని నించుంది.

"నా వేలు అక్కడ పెట్టమ్మా. ఇప్పుడెలా ఉందో చూస్తాను. నాది నేను చూసి ఎన్నేళ్లయిందో."

"అమ్మా, పట్టు పాతది. చెయ్యి తగలకూడదు," అన్నారు మా ఆయన.

"నేసినదాన్ని నేను. నా చెయ్యి తగిలితే ఏం కాదు."

ఆ చెయ్యి పట్టుకున్నాను. ఎక్కడ పెట్టాలి? పద్దెనిమిది మీద పెట్టినా ఆవిడకి తెలిసేది కాదని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు తోచలేదు. పంతొమ్మిది మీదే పెట్టాను.

ఆవిడ వేలు మెల్లగా రెక్క మీద నడిచింది, మెడ మీద నడిచింది. కన్ను దగ్గరికి వచ్చింది. ముడి తగిలింది. ఆగింది.

మళ్లీ ఒకసారి వెనక్కి వెళ్లి, పద్దెనిమిదో చిలక కన్ను తడిమింది. తోక. తిరిగి పంతొమ్మిది. ముడి.

"రఫూలో ముడి వెయ్యకూడదని నాకు చెప్పింది నువ్వే కదమ్మా," అంది.

నేను సూది బల్ల మీద పెట్టేశాను.

ఆమె గోటి చివరతో ముడిని అటూ ఇటూ కదిపింది. ఏ వైపు ఒరుగుతోందో చూసింది. ఎన్ని వేల ముడులు ఆయన పక్కన కూచుని తడిమి ఉంటుందో ఆ వేలు. చూస్తుండగానే ఆమె మొహంలోంచి ఇందాకటి నవ్వు తాలూకు తడి కూడా ఆరిపోయింది.

"బస్సు కదిలేదాకా కిటికీ దగ్గర నించున్నారు," అంది ఎవరితోనూ కాకుండా. "జాగ్రత్త అని రెండుసార్లు చెప్పారు."

"అమ్మా," అంది వదిన ఏడుస్తూ. "కూచో అమ్మా."

వీధి తలుపు గంట మోగింది. నాలుగు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. ఎవరూ కదల్లేదు. రెండోసారి మోగాక వదిన మొహం తుడుచుకుని వెళ్లి తీసింది.

మ్యూజియం ఆవిడ నవ్వుతూ లోపలికి వచ్చింది. చేతిలో ఫైలు, చెవి దగ్గర పెన్ను. తిరగేసి ఉన్న చీర చూడగానే ఆమె నవ్వు ఆశ్చర్యంగా మారింది.

"అబ్బ, ఎంత పచ్చగా ఉందండీ వెనక." దగ్గరికి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూసింది. తర్వాత మా మొహాలు చూసి గొంతు తగ్గించింది. "గుర్తు కనిపించిందా? కార్డు ఇవాళే పంపాలి నేను. ఎవరి పేరు రాసుకోమంటారు?"

"నేను చెబుతానండీ," అన్నాను.

"నువ్వు కాదు," అంది అత్తయ్య.

ఆమె వేలు ఇంకా ముడి మీదే ఉంది. రెండో చెయ్యి చాచింది. గాల్లో వెతుక్కుని మా ఆయన మణికట్టు పట్టుకుంది. ఎడమ మణికట్టు.

"కూచోండమ్మా," అంది మ్యూజియం ఆవిడతో. "నాకు చూపు లేదు. నా కోడలు నా కోసం ఏమైనా చెబుతుంది. మా అబ్బాయి దగ్గర నించుని చూశాడు. వాడేం చూశాడో వాడు చెబుతాడు, మీరు అదే రాసుకోండి."

"అమ్మా, వద్దు," అన్నారు మా ఆయన.

"చూసింది చూసినట్టు చెప్పరా."

మ్యూజియం ఆవిడ కూచుంది. ఫైలు తెరిచి, పెన్ను మూత తీసింది. మా ఆయన ఫొటో వైపు చూడలేదు, నా వైపు చూడలేదు. అమ్మ చెయ్యి విడిపించుకోనూ లేదు. కుడి చెయ్యి చాచి, అమ్మ వేలి కింద ఉన్న ముడి చూపించారు.